తొమ్మిది శాలువాలు, ఒక తప్పు పేరు

మా నాయన పోయిన నెల రోజులకు ఆయన ట్రంకు పెట్టె తెరిచాం. నల్ల పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. పెయింటు అక్కడక్కడా పెచ్చులూడింది గానీ నంబరు మాత్రం చక్కగా కనబడుతోంది. ఆ నంబరు మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. లోపల పైనంతా శాలువాలు. లెక్కపెడితే తొమ్మిది. నాలుగు మడత విప్పినవి, ఐదు ప్లాస్టిక్ కవర్లలో ఉన్నవి ఉన్నట్టే. అన్నీ ఆగస్టు 15కో జనవరి 26కో మండలంలో ఏదో ఒక స్టేజీ మీద కప్పినవి. వాటి కింద బిస్కెట్ల డబ్బాలో మెడల్స్. డబ్బా కింద డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితాలు. ఆ కాగితాల్లో మా అమ్మ పేరు తప్పుగా ఉంది.

ఆ తప్పు సరిచేయించడానికి మాకు పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలల్లో తిరిగిన తిరుగుళ్ళ వల్లే ఇది రాస్తున్నాను. మాజీ సైనికులను మనం గౌరవించే తీరు మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. మన మర్యాదంతా ఏడాదికి రెండు మూడు రోజులు, మైకు ముందు. వాళ్ళకు మనిషి తోడు కావాల్సి వచ్చేది మిగతా రోజుల్లో, ఏదో ఒక కౌంటరు దగ్గర. అప్పుడు మనం ఎవరమూ ఉండం. ఆ మర్యాదలో కూడా ఆయన పక్కన నిలబడిన ఆడమనిషి లెక్కలోకే రాదు.

మాది పత్తికొండ పక్కన పల్లె. నేను కర్నూల్లో టీచర్ని. నాయన 1978లో మద్రాస్ రెజిమెంటులో సిపాయిగా చేరాడు. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్. 1758లో మొదలైన రెజిమెంటు అది, మన సైన్యంలో అంతకంటే పాత పదాతిదళం లేదు. ఆ సంగతి నాయన గొప్పగా చెప్పుకునేవాడు. 1982లో పెళ్ళి. పెళ్ళయ్యాక భార్య పేరు రికార్డుల్లో ఎక్కించాలి కదా. మా అమ్మ పేరు చివర 'దేవి' అని ఉంటుంది, ఊళ్ళో మాత్రం 'అమ్మ' చేర్చి పిలుస్తారు. నాయన ఊళ్ళో పిలిచే పేరే చెప్పినట్టున్నాడు. వేరే రాష్ట్రం గుమాస్తా, తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. అందులో ఒక అక్షరం కూడా ఎగిరిపోయింది. 1998లో హవల్దారుగా రిటైరైనప్పుడు అదే పేరు పెన్షన్ ఆర్డరులోకి వచ్చింది. రేషన్ కార్డులో ఒక రకం, ఆధార్‌లో ఇంకో రకం. 39 ఏళ్ళపాటు దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మొగుడు బతికున్నంత కాలం పెండ్లాం పేరుతో ఏ ఆఫీసుకూ పని పడలేదు.

2021 నవంబరులో నాయన పోయాడు. ఆయన పెన్షన్ ఆగిపోయింది, అది ఆగాల్సిందే. ఆ తర్వాత అమ్మకు రావాల్సిన కుటుంబ పెన్షన్ మాత్రం మొదలు కాలేదు. పేరు కలవలేదన్నారు. రికార్డు ఆఫీసుకు రాయమన్నారు. సైనిక పెన్షన్లన్నీ బ్యాంకుల నుంచి స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారుతున్న కాలం అది. బ్యాంకులో అడిగితే ఇక మా చేతిలో లేదనేవారు, ఆన్‌లైన్‌లో చూస్తే ఇంకా అక్కడికి చేరలేదని చూపించేది. అమ్మ ప్రతిసారీ తెల్లవారే లేచి తలకు నీళ్ళు పోసుకుని, మంచి చీర కట్టుకుని, కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కేది. ఒకరోజు కౌంటరులో ఉన్నతను కాగితాలు చూడకుండానే, "ఈ పేరు నీదేనని ఏంటి గ్యారంటీ?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని, "నలభై ఏండ్లు ఆయప్పకు పెండ్లాంగా ఉంటిని, ఇప్పుడు నేను ఎవరో నేనే చెప్పుకోవాల్నా?" అంది. అమ్మ ఏడవలేదు. నేనే ఏడ్చాను.

అతని పేరు, ఆఫీసు పేరు రాయను. అతను చెడ్డవాడని కూడా అనను. రోజుకు వందమందిని చూస్తాడు. నా బాధ అతని మీద కాదు. ఆ వరసలో మా వెనక నిలబడినవాళ్ళలో ఇద్దరు నాయనకు శాలువా కప్పిన సభల్లో ముందు వరసలో కూర్చున్నవాళ్ళు. మమ్మల్ని పలకరించారు, అయ్యో పాపం అన్నారు, తమ పని చూసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకరు మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఈమె ఫలానా హవల్దారు భార్య, నాకు తెలుసు, నేను సంతకం పెడతా" అని ఒక్క మాట అనుంటే పని అయిపోయేదని కాదు. కానీ మా అమ్మ ఆ రోజు వేపచెట్టు కింద ఆ మాట అనాల్సిన అవసరం ఉండేది కాదు.

చివరికి పని చేసిపెట్టింది ఇద్దరు. ఒకాయన డెబ్బై దాటిన రిటైర్డ్ సుబేదారు, కర్నూల్లో ఉంటాడు. నాయన యూనిట్ కూడా కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కాగితం పట్టుకుని దిక్కులు చూస్తుంటే ఆయనే వచ్చి అడిగాడు. మూడుసార్లు తన ఖర్చులతో బస్సెక్కి మా ఊరొచ్చాడు. రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఎట్లా రాయించాలి, డిశ్చార్జి బుక్కులో ఏ పేజీ జెరాక్స్ పెట్టాలి, రికార్డు ఆఫీసుకు రాసే ఉత్తరంలో మొదటి లైనులో సర్వీసు నంబరు ఎందుకుండాలి, అన్నీ ఆయనకు తెలుసు. భోజనం చేయమంటే మజ్జిగ చాలనేవాడు. ఎందుకు సార్ ఇంత శ్రమ అంటే, "నాకు మాత్రం పొద్దు పోవాల కదమ్మా" అన్నాడు.

ఇంకొకరు పత్తికొండలో నెట్ సెంటర్ పిల్లోడు. పెన్షన్ మొదలయ్యాక ఏడాదికోసారి బతికే ఉన్నానని జీవన్ ప్రమాణ్ ఇవ్వాలి. అమ్మ చేతివేళ్ళు మిషన్ తీసుకోలేదు. పది వేళ్ళూ పెట్టి చూశాడు. గడ్డి పీకి, వేరుశనగ బుడ్డలు వలిచి, కొడవలి పట్టి పట్టి గీతలన్నీ అరిగిపోయాయి. గిన్నెలో నీళ్ళు తెచ్చి వేళ్ళు తడిపించాడు, తన తువ్వాలతోనే తుడిచాడు, కొబ్బరినూనె రాశాడు. కాలేదు. అప్పుడు ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి ఉందని, దానికి అప్లికేషన్ ఎక్కించుకుని, అమ్మను గోడ దగ్గర నిలబెట్టి, "కండ్లు ఆర్పవ్వా, ఇంకొకసారి ఆర్పు" అన్నాడు. అమ్మ కళ్ళు ఆర్పింది, ఫోన్ టింగుమంది. వాడు చప్పట్లు కొట్టాడు. డబ్బులిస్తే, "మా మామ కూడా మిలిట్రీనే అక్కా" అని తీసుకోలేదు.

నాయనకు తొమ్మిది శాలువాలు కప్పినవాళ్ళను నేను తక్కువ చేయడం లేదు. ఆయన వాటిని దాచుకున్నాడంటే ఆయనకు అవి విలువైనవే. కానీ నన్నడిగితే, నాయనకు జరిగిన పెద్ద సన్మానం ఆ నెట్ సెంటర్‌లోనే, ఆయన పోయాక జరిగింది.

అమ్మ సంగతి ఇంకాస్త చెప్పాలి.

జవానుకు ఏడాదికి 60 రోజుల సెలవు. క్యాజువల్ లీవులన్నీ కలుపుకుంటే 90 రోజులు. పెళ్ళయినప్పటి నుంచి రిటైరయ్యే దాకా పదహారేళ్ళు లెక్కేస్తే, అన్ని సెలవులూ దొరికాయనుకున్నా నాయన ఇంట్లో ఉన్నది నాలుగేళ్ళకు లోపే. నిజానికి అన్నీ ఎప్పుడూ దొరకలేదు. మిగతా కాలమంతా ఆరెకరాల మెట్ట, ఇద్దరు పిల్లలు, అత్తా మామా, అన్నీ అమ్మ నెత్తిమీదే. మా వైపు వానలు ఎట్లాంటివో చెప్పక్కర్లేదు. బుడ్డలు వేసిన ఏడాది వాన రాదు, వచ్చిన ఏడాది పీకే సమయానికి వస్తుంది. విత్తనాలకు అప్పు తేవడం, కాడి ఎద్దులు బాడుగకు మాట్లాడుకోవడం, కూలీలను పిలుచుకోవడం, మొగదిక్కు లేదని పొలం గట్టు జరిపిన పక్కింటాయనతో పోట్లాడటం, అన్నీ చేసింది. మా అవ్వ పోయినప్పుడు చిన్నాయన గుంతకల్లు పోయి టెలిగ్రాం కొట్టాడు. నాయన ఉన్న చోటికి అది చేరేసరికి ఎన్ని రోజులైందో తెలియదు. ఆయన వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. వాకిట్లో నిలబడి లోపలికి రావడానికి కాళ్ళాడక ఉన్న నాయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది అమ్మే.

సెలవు అయిపోయే ముందు రోజు ఇంట్లో జొన్నరొట్టెల వాసన. ఆ రొట్టెలు మామూలువి కాదు, పెనం మీద కాల్చి మళ్ళీ నిప్పుల పక్కన నిలబెట్టి గట్టిపడేదాకా ఎండబెట్టినవి. వారమైనా పాడవ్వవు. వాటితో బుడ్డల పొడి, నువ్వుల పొడి, ఒక సీసాలో చింతకాయ తొక్కు. అందరం గుంతకల్లు దాకా పోయేవాళ్ళం. బెంగళూరు నుంచి ఢిల్లీ పోయే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ రాత్రి పొద్దుపోయాక వచ్చేది. నాయన ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని ఎక్కి, కిటికీ దగ్గరికొచ్చి మాకు చెయ్యి ఊపేవాడు. అమ్మ చెయ్యి ఊపేది కాదు. రైలు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని ఉండేది, కదిలాక వదిలేది. తిరుగు బస్సులో ఎవరితోనూ మాట్లాడేది కాదు. పొద్దున్నే చేనికి పోయేది.

మా స్టాఫ్ రూములో ఒకాయన అన్నాడు, "మిలిట్రీవాళ్ళకు ఎందుకంత? జీతానికే కదా చేసింది? మనం చేయడం లేదా, డ్రైవర్లు చేయడం లేదా?" ఆ మాట ఆయనొక్కడిదే కాదు, చాలామంది మనసులో ఉంది, పైకి అనరు అంతే. దీనికి జవాబు చెప్పాలి. అవును, జీతానికే. మా నాయన కరువుకు భయపడి పోయాడు. ఆ సంగతి ఆయనే చెప్పేవాడు, దాచుకోలేదు. సీమ నుంచి సైన్యంలోకి పోయినవాళ్ళు చాలామంది అట్లాగే పోయారు, ఇంట్లో తిండిగింజలు లేక, రిక్రూట్‌మెంటు ర్యాలీలో పరిగెత్తి. ఎందుకు చేరాడన్నది వేరు, చేరాక ఏం చేశాడన్నది వేరు. నేను జ్వరమొస్తే సెలవు పెడతా, తల్లి చావుబతుకుల్లో ఉంటే బస్సెక్కుతా, పని నచ్చకపోతే మానేస్తా. ఈ మూడూ ఆయనకు లేవు. ఇదంతా పక్కన పెట్టినా ఒక ప్రశ్న మిగులుతుంది. నాయనకు జీతం వచ్చింది, సరే. మా అమ్మకు ఎవరిచ్చారు? ఆ ప్రశ్నకు మా స్టాఫ్ రూములో ఎవరూ మాట్లాడలేదు.

ఇక నాయన ఏం చేశాడన్న దాని గురించి. 1987 అక్టోబరులో శ్రీలంకలో ఆపరేషన్ పవన్ మొదలైంది. శాంతి కాపాడటానికని వెళ్ళిన మన సైన్యం ఎల్టీటీఈతో యుద్ధంలో దిగాల్సి వచ్చింది. నాయన జాఫ్నా వైపు ఉన్నాడు. 1990 మార్చి 24న చివరి దళం తిరిగొచ్చేసరికి 1,100 మందికి పైగా మన సైనికులు అక్కడ చనిపోయారు. కార్గిల్‌లో ప్రభుత్వ లెక్క ప్రకారం 527 మంది. అంటే దానికి రెండింతలు. కార్గిల్‌కు జూలై 26 ఉంది, ఉండాల్సిందే. జాఫ్నాకు మా మండలంలో ఏ రోజూ లేదు. ఆ యుద్ధం ఎందుకు చేశామో మనకే స్పష్టత లేదు, గెలిచామో లేదో చెప్పుకోలేం, కాబట్టి మాట్లాడటం మానేశాం. ఆ చివరి దళం మద్రాసు రేవులో దిగిన రోజున ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి స్వాగతానికి వెళ్ళలేదు. రాజకీయ కారణాలు ఏవైనా ఉండనీ. ఓడ దిగిన కుర్రాడు వాటిని నిర్ణయించలేదు కదా? పంపించింది మనం, పొమ్మంటే పోయాడు.

1999లో కార్గిల్ యుద్ధం టీవీల్లో చూపించాక ఊళ్ళో అందరికీ ఒక్కసారిగా నాయన గుర్తొచ్చాడు. మొదటి శాలువా ఆ ఏడాదిదే. అప్పటికి ఆయన రిటైరై ఏడాదైంది, కార్గిల్ మొహం కూడా చూడలేదు. స్టేజీ మీద ఎవరో ఆయన్ను కార్గిల్ వీరుడన్నారు. ఇంటికొచ్చి నాయన అమ్మతో, "నేను చేసింది వాళ్ళకు పనికిరాలేదే" అన్నాడట. ఆయన పోయాక అమ్మ చెప్పింది ఈ మాట.

జాఫ్నా గురించి నాయనను నేను కూడా చాలా ఏళ్ళు అడగలేదు. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నా. ఊళ్ళోవాళ్ళు అడిగేది ఒకటే ప్రశ్న, "ఎంతమందిని కాల్చినావు మామా?" అని. నాయన లేచి వెళ్ళిపోయేవాడు. అది చూసి మేమూ ఆ సంగతి ఎత్తేవాళ్ళం కాదు. 2016లో మా అబ్బాయికి స్కూల్లో తాత గురించి రాసుకురమ్మన్నారు. వాడు అడిగింది వేరే, "తాతా, అక్కడ ఏం తింటావుంటివి? నీ ఫ్రెండు ఎవరు?" అని. ఆ రాత్రీ మర్నాడు రాత్రీ మిద్దె మీద పడుకుని నాయన చెబుతూనే ఉన్నాడు. దారి పొడవునా తాటిచెట్లు, అడుగు తీసి అడుగు వేస్తే మందుపాతర భయం, తన డబ్బాలోది సగం పెట్టే తిరునెల్వేలి స్నేహితుడు, అతను ఒక పొద్దున నీళ్ళకని పోయి తిరిగి రాకపోవడం. వెల్లింగ్టన్‌లో నేర్చుకున్న అరవం నాయనకు బాగా వచ్చు. అక్కడొక ముసలామె తన ఇంటిముందు నిలబడి అరవంలో, "ఎందుకు వచ్చినావు నాయనా, మీ అమ్మ ఎదురుచూస్తా ఉండదా?" అని అడిగిందట. ఏం చెప్పినావు తాతా అంటే, "ఏం చెప్పాలో తెలీక నీళ్ళడిగి తాగినా" అన్నాడు. 29 ఏళ్ళు ఆ మాట ఆయన లోపల ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లోడు సరిగ్గా అడిగితే బయటికొచ్చింది.

అందుకే, మీ వీధిలో ఒక మాజీ సైనికుడు ఉంటే వెళ్ళి కూర్చోండి. ఎంతమందిని చంపావని మాత్రం అడగొద్దు. ఎక్కడెక్కడ ఉన్నారు, చలి ఎట్లా ఉండేది, వంట ఎవరు చేసేవారు, ఉత్తరాలు ఎన్ని రోజులకు వచ్చేవి, ఇవి అడగండి. చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి, టీ తాగి రండి. చెబితే ఫోన్‌లో రికార్డు చేసుకోండి, మనవళ్ళకు ఉంటుంది.

ఇంకో సంగతి, కొంచెం కటువుగానే చెప్పాలి. మాజీ సైనికుడు మనకు గుర్తొచ్చే ఇంకో సందర్భం క్యాంటీన్ కోటా. పండగొస్తే, పెళ్ళొస్తే, "అన్నా, ఒక మిలిట్రీ బాటిల్ చూడు" అని వస్తారు. నాయన తాగడు. కోటా తన సొంతానికే ఇస్తారు, బయటివాళ్ళకు ఇవ్వడం తప్పు. లేదంటే మొహం మాడ్చుకునేవాళ్ళు, "అన్నీ ఫ్రీగా వస్తాయి, మనకిస్తే అరిగిపోతాడా" అని అరుగుల మీద అనుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళు దేశంలో నాలుగు మూలలా తిరిగొచ్చిన మనిషిని ఊరు సీసాకోసం గుర్తుపెట్టుకుంటే ఆయనకు ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఆయన మీద నిజంగా గౌరవముంటే ఈ ఒక్క పని ఈ రోజే మానేయవచ్చు. పైసా ఖర్చు లేదు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా ఇంటింటికీ సైనికుడే. అట్లాంటి ఊళ్ళో భర్త పోయిన ఆడమనిషికి ఏ కాగితం ఎక్కడివ్వాలో చెప్పడానికి పక్కింటి వదిన ఉంటుంది. మన సీమ పల్లెల్లో అట్లా కాదు. ఊరికి ఒకరో ఇద్దరో. వాళ్ళ ఇంటికి 'మిలిట్రీవాళ్ళ ఇల్లు' అని పేరైతే ఉంటుంది గానీ వాళ్ళ బాధ అర్థమయ్యే ఇల్లు ఇంకోటి ఉండదు. మనం తోడుండాల్సింది అందుకే. చేయడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు, కొంచెం తెలుసుకుంటే చాలు.

జిల్లా కేంద్రంలో సైనిక సంక్షేమ కార్యాలయం ఒకటి ఉంటుందని చాలామందికి తెలియదు. మా అమ్మకూ తెలియదు, టీచరునై ఉండి నాకూ తెలియదు. పెన్షన్ లేని మాజీ సైనికులకు, వాళ్ళ భార్యలకు, హవల్దారు ర్యాంకు దాకా, 65 దాటితే నెలనెలా ఇచ్చే సాయం ఒకటుంది. 2025 నవంబరు నుంచి దాన్ని 4,000 నుంచి 8,000 రూపాయలు చేశారు. దరఖాస్తు ఈ కార్యాలయం ద్వారానే. ఇంజనీరింగ్ లాంటి వృత్తివిద్యా కోర్సుల్లో చేరే మాజీ సైనికుల పిల్లలకు, వాళ్ళ వితంతువులకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500. జూనియర్ కాలేజీ లెక్చరర్లకు ఇది తెలిస్తే ఎంతమంది పిల్లలకు మేలు! క్లాసులో ఒక్కసారి అడిగితే చాలు, మీ ఇంట్లో ఎవరైనా సైన్యంలో చేశారా అని. సైనిక్ స్కూళ్ళలో కూడా సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు కొన్ని సీట్లు కేటాయించి ఉంటాయి. మనకు దగ్గర్లో కలికిరిలో ఉంది.

వైద్యం సంగతి. 2003 నుంచి మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ ఉంది, మంచి పథకం. కానీ మామూలుగా ముందు పాలీక్లినిక్‌కు పోవాలి, అక్కడ రెఫరల్ రాయించుకోవాలి, ఆ తర్వాత ఆస్పత్రి. పల్లెలో ఉన్న పెద్ద వయసు మనిషికి, తుపాకుల మోతకు చెవులు పోయిన మనిషికి, కౌంటరులో పేరు పిలిస్తే వినబడని మనిషికి, అది ఒక రోజంతా పని. పక్కన ఒక మనిషి కూర్చుని, "మీ పేరు పిలిచారు పెద్దాయనా" అంటే చాలు. కారున్నవాళ్ళు నెలకొకసారి ఒకరిని తీసుకెళ్ళండి. స్పర్శ్ నుంచి ఫోన్‌కు మెసేజీలు ఇంగ్లీషులో వస్తాయి. అవి చదివి తెలుగులో చెప్పండి. మోసపు కాల్స్ కూడా వీళ్ళకే ఎక్కువ, నెలనెలా పెన్షన్ పడుతుందని ఆ దొంగలకు తెలుసు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ముసలివాళ్ళకు పదిసార్లు చెప్పండి. ఇంట్లో పెన్షనరు బతికుండగానే భార్య పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడమని చెప్పండి. ఆయన సంతకం చేయగలిగిన రోజుల్లో ఇది ఒక ఉత్తరంతో మొదలయ్యే పని. ఆయన పోయాక ఏమవుతుందో పైన చెప్పాను.

ఇది రాస్తుంటే కల్లితండా గుర్తొస్తోంది. ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం. 2025 మేలో సరిహద్దులో పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయిన అగ్నివీర్ మురళీ నాయక్ ఊరు. ముంబైలో కూలి పనులు చేసి పెంచుకున్న తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కొడుకు. వేలమంది వచ్చారు, మంత్రులు వచ్చారు, పూలు చల్లారు. మనస్ఫూర్తిగానే వచ్చారు, ఆ రోజు ఏడవని మనిషి లేడు. నా దిగులు తర్వాతి ఏళ్ళ గురించి. పండగపూట ఆ ఇంట్లో ఇద్దరే కూర్చుని ఉంటారు. దగ్గర్లో ఉన్నవాళ్ళు అప్పుడు వెళ్ళాలి, ఫోటోగ్రాఫర్ లేకుండా వెళ్ళాలి.

అగ్నివీర్లలో బతికి తిరిగొచ్చేవాళ్ళ గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి. 2022లో వచ్చిన ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్ళు. రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్ళు, చాలామంది పాతికేళ్ళు కూడా నిండకుండా, సుమారు 11.71 లక్షల సేవానిధితో, పెన్షన్ లేకుండా ఇంటికొస్తారు. ఆర్మీలో మొదటి బ్యాచ్ 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలుపెట్టింది, అంటే 2027 మొదటికల్లా ఈ పిల్లలు మన బస్టాండుల్లో దిగుతారు. పథకం మంచిదా చెడ్డదా అని టీవీల్లో వాదించుకోవచ్చు. కానీ కర్నూల్లో, కడపలో, అనంతపురంలో షోరూములు, పెట్రోలు బంకులు, స్కూళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీలు నడిపేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. వాళ్ళను గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబెట్టి అదే పెద్ద ఉద్యోగం ఇచ్చామనుకోవద్దు. వైర్‌లెస్ నడిపినవాళ్ళు, వర్క్‌షాపుల్లో బండ్లు విప్పి బిగించినవాళ్ళు, స్టోర్సు లెక్కలు రాసినవాళ్ళు ఉంటారు. ఏం చేశావురా అని అడిగి, ఆ పని ఇవ్వండి.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుగుతోంది. మా స్కూల్లో కూడా ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాలు చొక్కాలకు పెట్టి డబ్బాలో చిల్లర వేయిస్తాం. ఆ డబ్బు మాజీ సైనికుల, వితంతువుల, పిల్లల సంక్షేమానికే పోతుంది, కాబట్టి పిల్లలచేత తప్పకుండా వేయించండి. పోయిన పతాక దినానికి హెడ్మాస్టరు గారిని ఒకటి అడిగాను. సన్మానం వద్దు సార్, మా అమ్మను తీసుకొస్తా, ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పీరియడ్ కూర్చోనివ్వండి అన్నాను. ఆయన సరేనన్నారు.

అమ్మ రానంది. "నేనేం యుద్ధం చేసినానని?" అంది. రెండు రోజులు బతిమాలితే వచ్చింది. కుర్చీ వేస్తే అంచున కూర్చుంది, కొంగు మొత్తం భుజాల మీదికి లాక్కుని. పిల్లలు మొదట తాత తుపాకీ గురించి అడిగారు, నాకు తెలీదు నాయనా అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒక పాప లేచి, "అవ్వా, తాత లేనప్పుడు రాత్రిపూట నీకు భయమేసేదా?" అని అడిగింది.

అమ్మ ఆ పాపను కాసేపు చూసింది.

"వేసేది తల్లీ," అంది. "దీపం ఆర్పకుండా పండుకునేదాన్ని. మా అత్త అరిచేది, కిరసనాయిలు అయిపోతుందని. పిల్లోల్లకు భయమని చెప్పేదాన్ని. భయం నాకు."

పీరియడ్ గంట కొట్టారు. పిల్లలెవరూ లేవలేదు. అమ్మ ఈసారి కుర్చీలో వెనక్కి జరిగి, సరిగ్గా కూర్చుని, గుంతకల్లు స్టేషన్ గురించి చెప్పడం మొదలుపెట్టింది.